సగం బొట్టు

నీలకూటం కోటకు తలుపులు లేవు. కొండ అంచున ఒక రాతి సింహం నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది. లోపలికి పోవలసినవాళ్లు ఆ నోట్లోంచే పోవాలి. ఒంటిమీద ఇనుప ఆయుధం లేనివాళ్లను అది చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఉన్నవాళ్లను నమిలేస్తుంది.

ఆ మిట్టమధ్యాహ్నం దాని నాలుక మీద ముగ్గురు నడుస్తున్నారు. ముందు మద్దెల మెడకు తగిలించుకున్న ముసలి సింగన్న, వెనక తాళాలు పట్టుకున్న అతని భార్య కొండమ్మ, మధ్యలో అర్ధనారీశ్వర వేషం కట్టిన జయంధరుడు. కుంభగిరి యువరాజు, నిన్నమొన్నటి దాకా ఏనుగు అంబారీలో తప్ప ఊరేగనివాడు, ఇవాళ కాలికి చెప్పు కూడా లేకుండా పగటివేషగాడై వచ్చాడు. అతని కుడి సగం శివుడు: జటలు, విభూతి రేఖలు, పులిచర్మం, త్రిశూలం, నడుముకు డమరుకం, తుమ్మజిగురుతో అంటించిన సగం మీసం. ఎడమ సగం పార్వతి: పసుపు పూసిన చెంప, కాటుక కన్ను, ఎర్ర పట్టుచీర, మోచేతి దాకా గాజులు, నుదుట సగం కుంకుమబొట్టు. చేతిలో ఒక ఎర్రని తెరగుడ్డ. దానితో ఎడమ సగం కప్పుకుంటే దేవుడు, కుడి సగం కప్పుకుంటే దేవి.

త్రిశూలాన్ని చూసి సింహం గుర్రుమంది. పైకోరలు జానెడు కిందికి దిగాయి.

"అది వెదురుముక్క సామీ! మీద తగరపు రేకు చుట్టాం, అంతే," అని కొండమ్మ చేతిలోని తాళంతో సింహం పన్ను మీద టంగున కొట్టింది. "నువ్వు పళ్లు తోముకుని ఎన్నాళ్లయిందో గానీ, ముందు నోరు బాగా తెరువు. ఊపిరాడక చస్తున్నాం."

సింహం సిగ్గుపడిందో ఏమో, కోరలు పైకి తీసుకుంది. ముగ్గురూ దాని గొంతులోంచి గబగబా లోపలికి దిగారు.

ఇంత తెగింపు ఎందుకంటే, ఆ కోటను ఏలే ఘూకాక్షుడు జయంధరుడి భార్య వకుళమాలను ఎత్తుకొచ్చాడు. వాడు పేరుకు తగ్గట్టే గుడ్లగూబ కళ్ల మాంత్రికుడు, ఎన్నడూ రెప్ప వేయడు. పెళ్లయి ఏడాది తిరగకముందే ఆమెను సుడిగాలిలో తెచ్చి, మరుపునీరు తాగించి, తన సింహాసనం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు ఊరు గుర్తులేదు, తన పేరు గుర్తులేదు, మొగుడు గుర్తులేడు. ఈ రోజు పొద్దు గుంకే వేళకు వాడు ఆమె చేత మెడలో మాల వేయించుకుంటాడు. ఆ మాల పడిందంటే ఆ మరుపు ఈ జన్మకు వీడదు.

శబరగిరి యోగిని జయంధరుడికి ఒక వెండి బరిణె ఇచ్చింది. "ఇందులో ఉన్నది జ్ఞాపకాల కుంకుమ. ఒక్క చిటికెడే నాయనా. ఆమె నుదుట చేరిందా, అన్నీ గుర్తొస్తాయి. నేల రాలిందా, మళ్లీ దొరకదు," అని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "ఆ సభకు ఒక శాపం ఉంది. అక్కడ సొంత పేరుకు పలికినవాడు ఎవడైనా సరే, పలికిన చోటే రాయైపోతాడు."

అర్ధనారీశ్వర వేషం చివర అమ్మవారి సగం వచ్చి ఆడవాళ్లకు బొట్టు పెట్టడం ఆనవాయితీ. వకుళమాల నుదుటి దాకా చెయ్యి చాపడానికి అదొక్కటే దారి. అందుకే యువరాజు వెళ్లి సింగన్న కాళ్ల మీద పడ్డాడు. ముసలాయన అతనికి అడుగులు నేర్పాడు, పాటలు నేర్పాడు, గొంతు మార్చడం నేర్పాడు. వీటన్నిటికన్నా ముందు నేర్పింది మాత్రం వేరే.

"రంగు మొహాన ఉన్నంతసేపు నీ పేరు నీది కాదు నాయనా. కన్నతల్లి వచ్చి పిలిచినా పలక్కూడదు. చెమట కారితే కారనీ, తుడవకు. ఆటలో ఏది తప్పిపోయినా అది కూడా ఆటేనని చూసేవాళ్లు అనుకోవాలి. మంగళం పాడేదాకా అంతే!"

బరిణె సంగతి సింగన్నకు చెప్పాడు గాని కొండమ్మకు చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని సింగన్న భయం. దాచినందుకు ఇద్దరికీ తగిన శాస్తి జరగబోతోందని అప్పటికి తెలియదు.

జయంధరుడు రోజూ తన ఎడమ సగానికి ఏదో ఒక అమ్మవారి ముఖం కాకుండా వకుళమాల ముఖమే దిద్దించుకునేవాడు. అదే కనుబొమ వంపు, గడ్డం మీద అదే పుట్టుమచ్చ. దిద్దడం అయ్యాక కుడి సగాన్ని అరచేత్తో మూసుకుని అద్దంలోకి చూసేవాడు. సగమైనా ఆమే కదా! ఆ సగాన్ని చూసుకునే ఇన్నాళ్లూ బతికాడు. ఈ రోజు పొద్దున కొండమ్మ బొట్టు దిద్దినప్పటి నుంచీ మాత్రం అతనికి మరీ వింతగా ఉంది. ఎప్పుడో మరిచిపోయిన చిన్న చిన్న సంగతులు కూడా కళ్లకు కడుతున్నాయి. ఆమె వేడి పాలు ఊదుకుని తాగే తీరు, జడకుచ్చులు బుగ్గకు రాసుకుంటూ ఆలోచించే తీరు, అన్నిటికన్నా ఎక్కువగా ఆమె పిలుపు. మేడమీది నుంచో, తోట అవతలి నుంచో, "ఇదుగో, మిమ్మల్నే!" అని పిలిచేది. ఆ ఒక్క పిలుపు మళ్లీ వింటే చాలు, రాజ్యం పోతే పోనీ అనిపించింది.

సింహం గొంతు దాటగానే సభ కనిపించింది. స్ఫటిక స్తంభాలలోంచి సూర్యకిరణాలు ఏడు రంగులై నేల మీద పరుచుకున్నాయి. పైన నెమలిపురులతో నేసిన చాందినీ, కింద ముత్యాల ముగ్గులు, ముగ్గుల మధ్య పాదరసం పారే సన్నని కాలువలు, వాటిలో ఈదుతున్న బంగారు చేపలు! గంధపు పొగ మబ్బులా పైకి లేస్తోంది. కళ్లు చెదిరే ఆ అందంలో స్తంభానికొకడు చొప్పున రాతి మనుషులు నిలబడి ఉన్నారు. రాజులు, వీరులు, ఒక ముసలి వర్తకుడు, ఒక బైరాగి. అందరి తలలూ పక్కకు తిరిగి ఉన్నాయి. అందరి పెదవులూ కొంచెం తెరుచుకుని ఉన్నాయి. ఎవరో పిలిస్తే "ఆఁ" అనబోయి అలాగే ఉండిపోయినవాళ్లు.

ప్రాణాలతో ఉన్నవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. భయంతో అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. "ఓ గొడుగూ, ఇటు రా!" "ఓ వింజామరా, కాస్త గట్టిగా విసురు!" అని చేతిలోని వస్తువు పేరుతోనే పిలుచుకుంటారు.

సింహాసనం మీద ఘూకాక్షుడు, పక్కన బంగారు పీట మీద వకుళమాల ఉన్నారు. ఆమె ఒళ్లో పొద్దు గుంకే వేళకు వేయవలసిన మాల ఉంది. ఆమె తలెత్తి జయంధరుడి వైపు చూసింది. గోడను చూసినట్టు చూసి మళ్లీ తల దించుకుంది. ఎన్నాళ్లకో చూసిన భార్య అలా చూసేసరికి అతను వేయవలసిన మొదటి అడుగు మరిచిపోయాడు. అప్పుడే సింగన్న మద్దెల మీద మొదటి దెబ్బ వేశాడు కాబట్టి సరిపోయింది.

ఆట మొదలైంది. తెర ఎడమకు వచ్చింది. శివుడి గొంతు ఖంగుమంది. "నీ గాజుల చప్పుడుకు నా తపస్సు చెడిపోతోంది గౌరీ!"

తెర కుడికి తిరిగింది. పార్వతి మూతి ముడిచింది. "నీ బూడిద అంటుకుని నా పట్టుచీర చెడిపోతోంది, దాని మాటేమిటి?"

సభ గొల్లుమంది. గొడుగు నవ్వింది, వింజామరం నవ్వింది. ఆ సందడిలో జయంధరుడు ఒక్కొక్క అడుగే బంగారు పీట వైపు జరుగుతున్నాడు. అంతలో పైపెదవి మీద చల్లగా తగిలింది. ఎండకూ చెమటకూ జిగురు కరిగి, శివుడి సగం మీసం ఊడి సరిగ్గా సింహాసనం ముందు పడింది.

"ఓరీ వేషగాడా, మీ దేవుడి మీసం రాలిపోయిందే!" అని ఘూకాక్షుడు ముందుకు వంగాడు. రెప్ప పడని ఆ కళ్లు రంగు తొలగిన పెదవిని పట్టి పట్టి చూస్తున్నాయి.

జయంధరుడి చెయ్యి మొహం మీదికి పోబోయింది. 'తుడవకు' అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయింది. తెర చటుక్కున కుడికి తిప్పి, అమ్మవారి గొంతుతో ఆడవాళ్ల వైపు తిరిగాడు. "చూశారా అమ్మలారా! గంగను నెత్తిన పెట్టుకోవద్దు స్వామీ అంటే విన్నాడా? ఆ తడికి మీసం కూడా నిలవలేదు. ఇంకా కొన్నాళ్లు పోతే ఆవిడ ఈయన గడ్డం కూడా ఊడ్చుకుపోతుంది!"

సభ మళ్లీ గొల్లుమంది. ఘూకాక్షుడు వెనక్కి వాలాడు.

ఆ నవ్వు ఆగకముందే మద్దెల ఫట్టుమని పగిలింది. సింగన్న ఏమీ జరగనట్టు పక్కనున్న రాగి బిందెను ఒళ్లోకి లాక్కుని దాని మీదే దరువు అందుకున్నాడు. "మద్దెల పోయినా నా డమరుకం ఉందిలే!" అని శివుడు అభయమిచ్చాడు. డమరుకం, బిందె కలిసి మోగేసరికి, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని సభ చప్పట్లు కొట్టింది.

"విక్రమధ్వజా!" అని ఘూకాక్షుడు హఠాత్తుగా అరిచాడు. కొత్తవాడు ఎవడొచ్చినా తన శత్రువుల పేర్లన్నీ పిలిచి చూడటం వాడి అలవాటు. "శూరకేతూ! మణిబాహూ!" శివుడు గిరగిరా తిరుగుతూనే ఉన్నాడు. "జయంధరా!"

జయంధరుడు ఆ అరుపును కూడా తాళంలో కలిపేసుకుని ఒక గంతు వేశాడు. రంగు మొహాన ఉంది. ఆ పేరు అతనిది కాదు.

ఘూకాక్షుడు నవ్వాడు. మంత్రదండంతో వకుళమాల భుజం తాకి, చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నిద్రలో ఉన్నదానిలా తల ఎత్తింది.

"జయంధరా!" అని పిలిచింది.

ఎన్ని రాత్రులు ఆ గొంతు కోసం మేలుకున్నాడు! అదే గొంతు. చివర కాస్త వణికే అదే తీపి. ఎత్తిన కాలు దించడం మరిచిపోయాడు. "ఆఁ" అనే మాట గొంతు దాటి నాలుక మీదికి వచ్చింది. నేల మీదున్న పాదం బొటనవేలు చల్లబడి రాయిలా బరువెక్కింది. సింగన్న బిందె మీద చెయ్యి ఆడిస్తూనే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆ క్షణంలో అతని నుదుటి మీద ఏదో వెచ్చగా పాకింది. పెళ్లయిన కొత్తలో ఒకనాటి సాయంత్రం కళ్లముందు మెదిలింది. ఒక్కసారి పేరు పెట్టి పిలవమని అతను ఎంత బతిమాలాడో! "అమ్మో, మొగుడి పేరు నోటెంట పలుకుతారా ఎవరైనా!" అని ఆమె చెంగు నోట్లో కుక్కుకుని పారిపోయింది. తర్వాత కూడా ఏనాడూ పలకలేదు.

గొంతు ఆమెదే. పిలుపు ఆమెది కాదు.

నాలుక మీది మాటను మింగేశాడు. బొటనవేలు తిరిగి వెచ్చబడింది. ఎత్తిన కాలిని అలాగే ఇంకా పైకి ఎత్తి నటరాజులా నిలబడితే, అదంతా తాండవంలో భాగమేననుకుని సభ ఊపిరి బిగబట్టి చూసింది. మెల్లగా కాలు దించి, తెర కుడికి తిప్పి, అమ్మవారి గొంతుతో వకుళమాలను అడిగాడు.

"ఎవరమ్మా ఆ అబ్బాయి? నీకేమవుతాడు? ఇంత చల్లటి గొంతుతో పిలుస్తుంటే రాకుండా ఉంటాడా? ఏ కొండలు దాటుతున్నాడో, ఏ వేషాలు వేస్తున్నాడో పాపం! దిగులు పడకు తల్లీ, వస్తాడు. నేను చెబుతున్నానుగా, తప్పకుండా వస్తాడు."

అతని కాటుక కంటి నుంచి ఒక నీటిబొట్టు పసుపు చెంప మీదికి జారింది. సభలో ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చారు. ఇంత బాగా ఏడ్చే వేషగాణ్ణి వాళ్లు ఇంతవరకూ చూడలేదు మరి!

"చాలు. బొట్టు పెట్టి వెళ్లు," అన్నాడు ఘూకాక్షుడు, అనుమానం తీరినవాడిలా.

జయంధరుడు బంగారు పీట ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నడుముకు దోపుకున్న వెండి బరిణె తీసి మూత విప్పాడు.

బరిణె ఖాళీగా ఉంది.

 అతని చూపు కొండమ్మ మీదికి వెళ్లింది. కొండమ్మ ఆ ఖాళీ బరిణెను చూసింది, అతని మొహం చూసింది, మొగుడి మొహం చూసింది. తెలివైన మనిషి, ఏదో పెద్ద పొరపాటు తన చేతి మీదుగానే జరిగిందని గ్రహించింది. తాళం తప్పకుండా అప్పటికప్పుడు పాట కట్టి ఎత్తుకుంది.

"బరిణెలోని కుంకుమా, భలే ఎరుపు కుంకుమా, అమ్మకు పెట్టని సొమ్ము ఎందుకమ్మా, పొద్దున్నే నీ నుదుట దిద్దితినమ్మా!"

వేషగాళ్ల ఇంటి ఇల్లాలు ఇంకేం చేస్తుంది? మంచి కుంకుమ కనబడితే అమ్మవారి మొహానికే పెడుతుంది. పొద్దుటి నుంచీ జ్ఞాపకాలు అతన్ని ఎందుకంత ముంచెత్తుతున్నాయో ఇప్పుడు అర్థమైంది. వకుళమాల కోసం తెచ్చిన ఆ ఒక్క చిటికెడూ అతని నుదుటి మీదే ఉంది, చెమటకు కరిగి కనుబొమ మీదికి దిగుతోంది. ఇంకొక్క చుక్క చెమట కారితే నేల పాలే. ఇందాక మీసం ఊడినప్పుడు మొహం తుడుచుకుని ఉంటే?

తల కదిలించకుండా అమ్మవారి చిరునవ్వు నవ్వాడు. "ఈ తల్లి ముందుకు పెళ్లికూతురు వచ్చిందంటే బరిణెలోది పెడుతుందా? తన బొట్టే ఇస్తుంది," అని తెరగుడ్డను ఇద్దరి తలల మీదా పందిరిలా కప్పి, ముందుకు వంగి, తన నుదుటిని ఆమె నుదుటికి ఆనించాడు.

ఎర్రగుడ్డ కింద వెలుగంతా ఎర్రగా ఉంది. ఆమె ఊపిరి అతని చెంపకు తగిలింది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆమె కళ్లలో మసక విడిపోయింది. ఎదురుగా తన మొహమే సగం, ఆయన మొహం సగం. ఆమె చెయ్యి పైకి వచ్చి కుడి సగాన్ని తడిమింది. పెదవులు విడివడ్డాయి.

జయంధరుడికి పైప్రాణాలు పైనే పోయాయి. ఈ సంతోషంలో పేరు పెట్టి పిలుస్తుందేమో! పిలిస్తే ఈసారి పలక్కుండా ఉండటం తన వల్ల కాదు. రాయి అయిపోయినా సరే పలుకుతాడు.

"ఇదుగో," అంది ఆమె రహస్యంగా, "మిమ్మల్నే."

"ఊఁ," అన్నాడు. ఎన్నాళ్ల నుంచో గొంతులో దాచుకున్న పలుకు అది. ఏ వేలూ చల్లబడలేదు. ఎందుకు చల్లబడుతుంది, అది పేరు కాదు కదా!

"ఏడవకండి, రంగు కారిపోతోంది," అంది ఆమె, తను ఏడుస్తూనే. "ఆట ఆపకండి. నా మాట వినండి. ఘూకాక్షుడన్నది వాడు పెట్టుకున్న పేరు. నాకు మతి లేదు కదా అని, రోజూ దీపాలు పెట్టే వేళకు నా ముందు కూర్చుని వాళ్లమ్మను తలుచుకుని ఏడ్చేవాడు. ఆవిడ వాణ్ణి ఏమని పిలిచి అన్నానికి రమ్మనేదో కూడా చెప్పాడు." ఆమె అతని చెవిలో ఆ మాట చెప్పింది.

"బొట్టు పెట్టడానికి ఇంతసేపా? తెర తియ్యి!" అని ఘూకాక్షుడు లేచాడు.

జయంధరుడు తొందరపడలేదు. అమ్మవారు ఎలా లేస్తుందో అలాగే, గాజులు సర్దుకుంటూ, తీరిగ్గా లేచి తెర దించాడు. అతని నుదుట ఎడమ సగం ఖాళీగా ఉంది. వకుళమాల నుదుట సగం బొట్టు ఎర్రగా మెరుస్తోంది, ఆమె కళ్లు నిండి ఉన్నాయి, ఆ కళ్లలో మరుపు లేదు. మాంత్రికుడు అదంతా ఒక్క చూపులో చూశాడు. మంత్రదండం పైకి లేచింది. దాని కొస నుంచి నీలిమంట భగ్గుమంది. గొడుగు గొడుగును, వింజామరం వింజామరాన్ని పారేసి పరుగెత్తాయి.

సింగన్న బిందె మీద దరువు ఆపలేదు. కొండమ్మ తాళం తప్పలేదు.

నీలిమంట మీదికి దూసుకొస్తుంటే జయంధరుడు పక్కకు కూడా తప్పుకోలేదు. తెరగుడ్డతో శివుడి సగాన్ని కప్పేసి, ఎడమ సగాన్ని సింహాసనం వైపు తిప్పాడు. సాయంత్రం వాకిట్లో నిలబడి పిల్లల కోసం చూసే తల్లిలా నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. తను కూడా ఒక పిలుపు కోసం ఇన్నాళ్లూ కుమిలినవాడే కాబట్టి, అంత కోపంలోనూ ఆ గుడ్లగూబ కళ్లవాడి మీద అతనికి జాలేసింది. ఆ జాలి గొంతులోకి కూడా వచ్చింది.

"ఒరే గున్నయ్యా! బువ్వ చల్లారిపోతోందిరా నాయనా, ఎంతసేపూ!"

మంట గాలిలోనే ఆగిపోయింది. ఎన్నడూ పడని ఆ కనురెప్పలు మొదటిసారి పడి లేచాయి. అంతటి మాంత్రికుడి తల ఆ గొంతు వచ్చిన వైపుకు, చిన్నపిల్లాడి తలలా, మెల్లగా పక్కకు తిరిగింది. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి.